పెడన పెరట్లో తేనెపిట్టల సీసా

తేనెపిట్టల కోసం పెడన వెళ్ళేవారు ఎవరూ ఉండరని నాకు తెలుసు. ఆ ఊరికి కలంకారీ బట్టల కోసం వెళతారు, నేత చీరల కోసం వెళతారు, లేదా బంధువుల ఇళ్ళలో పెళ్ళిళ్ళకి వెళతారు. అయినా ఆసుపత్రిలో నాతో పనిచేసే నర్సులు ఇద్దరు ముగ్గురు పదేపదే అడుగుతున్నారు కాబట్టి, మా అక్క పెరట్లో తేనెపిట్టలకి సీసా కట్టిన సంగతీ, ఆ సీసా మూలంగా నేను చేయాల్సి వచ్చిన ప్రయాణం సంగతీ రాస్తున్నాను. పెద్ద ప్రయాణమేమీ కాదు. బెజవాడ నుంచి రైల్లో పెడన వెళ్ళి, మర్నాడు బందరు మీదుగా బస్సులో తిరిగి వచ్చాను. ఒళ్ళు అలిసిపోవడానికి దూరంతో పనేముంది?

ముందు సీసా సంగతి చెప్పాలి. మా ఆసుపత్రి వరండాలో రోగుల బంధువుల కోసం ఒక టీవీ పెట్టారు. ఒకరోజు డ్యూటీ దిగి బయటికి వస్తుంటే అందులో ఏదో దేశంలో ఒకావిడ పెరట్లో ఎర్రటి సీసాలు వేలాడదీస్తోంది. బొటనవేలంత పిట్టలు గాలిలోనే నిలబడి, సీసాకున్న గొట్టంలో ముక్కు పెట్టి పంచదార నీళ్ళు తాగుతున్నాయి. ఆ పిట్టలు మన దేశంలో లేవట. మనకున్నవి తేనెపిట్టలు. గాలిలో నిలబడటం వీటికి అంతగా చేతకాదు, కొమ్మ పట్టుకుని వంగి తాగుతాయి. మా నాంచారక్క పెరట్లో అవి బోలెడన్ని ఉంటాయని నాకు అప్పుడే గుర్తొచ్చింది. బావ పోయి అప్పటికి ఏడాది కాలేదు. అక్క ఒక్కతే ఆ ఇంట్లో రోజంతా గోడకి ఆనుకుని కూర్చుంటోంది. ఆవిడకి ఏదో ఒక పని ఉంటుంది కదా అని ఒక ఖాళీ సెలైన్ సీసా కడిగి తీసుకెళ్ళాను.

నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది? సీసాతోపాటు గొట్టం, చుక్కల వేగం తగ్గించే చక్రం అన్నీ తగిలించి, రోగికి ఎక్కించినట్టే చుక్క తర్వాత చుక్క పడేట్టు సర్ది జామకొమ్మకి కట్టాను. పిట్ట ఒక్కటీ రాలేదు. చుక్కలన్నీ నేల మీద పడి, సాయంత్రానికి పెడనలో ఉన్న చీమలన్నీ అక్కడికి చేరాయి. నేను వచ్చేశాక అక్క తన తెలివి కొద్దీ చెరుకురసం పోసిందట, అదీ బండి మీద అమ్మేట్టు అల్లం, నిమ్మకాయ పిండించి. మధ్యాహ్నానికి అది పులిసి, పెరడంతా ఈగలు ముసిరాయి. ఆ తర్వాత బెల్లం నీళ్ళు పోసి చూసింది. అవీ బూజు పట్టాయి.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. ఒక వంతు పంచదారకి నాలుగు వంతుల నీళ్ళు పోసి, కాచి చల్లార్చాలి. తేనె, బెల్లం, రంగు ఏదీ కలపకూడదు. సీసా రోజూ వేడినీళ్ళతో కడగాలి. గొట్టం పొట్టిగా కోసి, కొస పైకి వంచి, పెళ్ళి పందిళ్ళకి కట్టే ఎర్ర ప్లాస్టిక్ పువ్వు ఒకటి దానికి తొడగాలి. చీమలు దిగకుండా కొబ్బరిచిప్పకి కన్నం పెట్టి, తాడు అందులోంచి దూర్చి, కన్నాన్ని మైనంతో మూసి చిప్పనిండా నీళ్ళు పోయాలి. మన ఇళ్ళలో పాలూ పెరుగూ పెట్టే అలమర కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టినట్టే. ఇదంతా అక్కా నేనూ కలిసి పడిన పాట్లు. అప్పట్నించి రోజూ పొద్దున్న అక్క సీసా నింపుతోంది, సాయంత్రానికి ఖాళీ అవుతోంది. అక్క గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. నాకూ తృప్తిగానే ఉండేది.

ఆ తృప్తే నా మెడకి చుట్టుకుంది. అక్క రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఎడమ కంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదు. కుడి కంటితో దగ్గర పెట్టుకుంటే మనిషి పోలికలు కనిపిస్తాయి. ముందు కుడి కంటికి ఆపరేషన్ చేయాలని, ఇంకా ఆలస్యం చేస్తే లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుందని, అప్పుడు ఎవరు కోసినా చూపు రాదని మా కంటి డాక్టరు తేల్చి చెప్పారు. రెండుసార్లు తారీఖు తీసుకున్నాను. రెండుసార్లూ అక్క రాలేదు. పక్కింటి మస్తాన్‌బీ గారి ఫోనుకి చేసి పిలిపిస్తే, నేను లేకపోతే పిట్టలకి నీళ్ళెవరు పోస్తారే అని ఒకటే మాట. మూడోసారి తారీఖు ఇస్తూ డాక్టరు నా మొహంలోకి చూసిన చూపు నాకు నచ్చలేదు. నేనే స్వయంగా వెళ్ళి తీసుకొస్తానని చెప్పాను.

అది గుణదల తిరునాళ్ళ రోజులు. మా ఇల్లు గుణదలలోనే. ఆ నాలుగు రోజులూ మా వీధిలో మనుషుల మీద మనుషులు నడుస్తారు. మైకులు ఆగవు. పగలు నిద్ర లేదు, రాత్రి డ్యూటీ తప్పదు. ఇంటికి వెళితే మళ్ళీ బయటపడలేనని భయపడి, రాత్రి డ్యూటీ దిగి నేరుగా స్టేషనుకి వెళ్ళిపోయాను. ఏడు దాటాక బందరు పాసింజరు. వెళ్ళాలనుకునేవారు ఈ బండికే వెళ్ళండి. టిక్కెట్టు చవక, కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. తిరునాళ్ళకి వచ్చే జనం మాత్రం ప్లాట్‌ఫారం నిండా ఉన్నారు. గుండ్లు చేయించుకుని తిరిగి వెళుతున్న ఒక కుటుంబం మా పెట్టెలోనే ఎక్కింది. పసిపిల్ల గుండు మీద రాసిన గంధం వాసన దారంతా వచ్చింది.

నా ఎదురుగా కొండపల్లి నుంచి వస్తున్న ఒక పెద్దాయన కూర్చున్నారు. బుట్టనిండా చెక్కబొమ్మలు, పైన తుండుగుడ్డ కప్పారు. బందరులో చుట్టాలబ్బాయి కొట్లో ఇవ్వడానికి తీసుకెళుతున్నారట. నా సంచిలోంచి కొత్త గొట్టం బయటికి కనబడుతుంటే చాలాసేపు చూసి, చివరికి అడిగారు.

"ఇంట్లో ఎవరికన్నా ఒంట్లో బాగోలేదాండీ?"

"లేదండి. పిట్టలకి" అన్నాను.

ఆయన గొట్టం వంక మళ్ళీ చూశారు. "పిట్టలకి సెలైనెక్కిస్తారాండీ బెజవాడలో?"

నవ్వే ఓపిక లేదు గానీ నవ్వొచ్చింది. సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, తమ ఇంటి చూరుకి కూడా పిచ్చుకల కోసం ధాన్యపు కుచ్చు కడతామని చెప్పారు. మరి ఊరెళ్ళాల్సి వస్తే ఏం చేస్తారని అడిగాను.

"ఏం చేస్తామండీ, వెళతాం. కట్టేదాకే మన పని. తర్వాత వాటి తిప్పలు అవి పడతాయి."

ఈ మాట అక్కకి చెప్పాలని మనసులో పెట్టుకున్నాను. చెబితే ఏమంటుందో కూడా తెలుసు. ఆయనకి పెళ్ళాం పిల్లలు ఉన్నారు కాబట్టి అలా అంటాడు అంటుంది.

నిడమానూరు దాటాక నిద్ర పట్టింది. తల కిటికీ ఊచకి కొట్టుకుంటుంటే మెలకువ వస్తుంది, మళ్ళీ పడుతుంది. వరికోతలు అయిపోయిన పొలాల్లో మినుము పచ్చగా ఉంది. గుడివాడలో బండి చాలాసేపు ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిన్నాను, చట్నీ పలచగా నీళ్ళలా ఉంది. టీ మాత్రం బాగుంది, రెండోసారి కూడా తాగాను. నాకు మళ్ళీ కన్ను అంటుకుంటే పెడన దాటిపోతానని భయపడి, వచ్చినప్పుడు లేపమని ఆ పెద్దాయనకి చెప్పాను. ఆయన పది నిమిషాల ముందు నుంచే లేపడం మొదలుపెట్టారు. దిగేటప్పుడు సంచీ అందిస్తూ, పిట్టల్ని అడిగానని చెప్పమన్నారు.

స్టేషను నుంచి రిక్షా మాట్లాడుకుంటే సందు మొదటిదాకా వస్తుంది. అక్కడి నుంచి నడక. పెడన సందుల్లో నడుస్తుంటే మగ్గాల చప్పుడు ఇంటింటికీ వినిపించేది. ఇప్పుడు ఇల్లు విడిచి ఇల్లు వినిపిస్తోంది. మా అక్క ఇంట్లో మగ్గం ఆగిపోయి చాలా ఏళ్ళయింది. బావకి ఏదో ఊళ్ళో పెట్టిన కంటి శిబిరంలో ఆపరేషన్ చేశారు. కన్ను చీము పట్టి పోయింది. రెండో కంటితో నేద్దామని కొన్నాళ్ళు కూర్చున్నాడు, పోగులు తప్పిపోతుంటే లేచేశాడు. నేను అప్పట్లో ఒంగోలులో ఉద్యోగం చేస్తున్నాను, వచ్చి చూసేసరికి అంతా అయిపోయింది. తర్వాత బావ గుండె జబ్బుతో పోయాడు. అక్క ఆ కంటి సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తదు. తన ఆపరేషన్ మాట వచ్చినప్పుడల్లా పిట్టల మాటే మాట్లాడుతుంది.

గుమ్మంలో నా చెప్పుల చప్పుడు వినగానే అక్క లేచింది.

"సరోజేనా? రాత్రి డ్యూటీ చేసి అట్నించటే వచ్చావా? గొంతు చూడు ఎలా ఉందో."

నేనింకా మాట్లాడనే లేదు, దగ్గాను అంతే. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి పక్కింటి మస్తాన్‌బీ గారు కూడా వచ్చారు. ఆవిడ కలంకారీ అచ్చులు వేస్తుంది, అరచేతులకి ఎప్పుడూ ఎర్రరంగు ఉంటుంది. అక్కకి కూరగాయలు తెచ్చిపెట్టేదీ, నా ఫోను వచ్చినప్పుడు గోడ మీంచి కేకేసేదీ ఆవిడే. అక్క పొయ్యి దగ్గరకి వెళ్ళాక నేను ఆవిడతో నా పథకం చెప్పాను. అక్క బెజవాడలో ఉన్నన్నాళ్ళూ సీసా ఆవిడ నింపాలి. ఆ మాట అక్కకి గట్టిగా చెప్పాలి. ఇక అక్కకి ఏ సాకూ ఉండదు.

"నింపడానికేముందమ్మా, నింపుతా. నేనెప్పుడో చెప్పా మీ అక్కకి" అన్నారావిడ. "ఆ మాటంటే ఇంకేదో మాట్లాడుద్ది."

మధ్యాహ్నం ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర, చారు. అక్క చేత్తో తడుముకుంటూ చేసినా ఉప్పు ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. కడుపునిండా తిని, పెరట్లో జామచెట్టు కింద మంచం వాల్చుకుని పడుకున్నాను. సీసా నాకు ఎదురుగా వేలాడుతోంది. పక్కనే రెక్కమందారం గుబురు, వెనక అరటి బోదెలు. ఒక గెల కొసన పువ్వు ఇంకా వేలాడుతోంది. సీసా కట్టిన ఇన్నాళ్ళలో నేను ఎప్పుడూ ఇంత తీరిగ్గా పెరట్లో ఉండలేదు. ఎప్పుడు వచ్చినా బస్సు వేళకి పరుగే.

ముందు మగపిట్ట వచ్చింది. ఈ నెలల్లో దానికి నల్లగా ఉండే ఒళ్ళు ఎండలో నీలంగా, ఊదాగా మెరుస్తుంది. ముక్కు కిందికి వంగి సూదిలా ఉంటుంది. మందారం కొమ్మ మీద తలకిందులుగా వేలాడి, పువ్వులోకి పోకుండా తొడిమ దగ్గర పక్కన కన్నం పొడిచి తాగింది. వెనకే ఆడపిట్ట, పసుపు పొట్ట, మట్టిరంగు రెక్కలు. అది అరటిపువ్వు మీద వాలింది. రెండూ ఒక్క క్షణం ఊరుకోవు, చివిట్ చివిట్ మని అరుస్తూనే ఉంటాయి. నేను నిద్ర మానుకుని చూస్తున్నాను. అవి మందారానికి వెళ్ళాయి, అరటికి వెళ్ళాయి, మస్తాన్‌బీ గారి గోడ మీద నూరువరహాల చెట్టుకి వెళ్ళి వచ్చాయి. సీసా పక్క నుంచే తిరిగాయి. ఒక్కసారీ సీసా మీద వాలలేదు.

కొత్త మనిషినని బెదురుతున్నాయేమో అనుకున్నాను. కాసేపటికి జామకొమ్మ మీద గరగరమని చప్పుడైంది. ఉడుత. తాడు పట్టుకుని తలకిందులుగా దిగి, కొబ్బరిచిప్ప అంచు మీద కాలు ఆనించి, అలవాటైన దానిలా ప్లాస్టిక్ పువ్వుని రెండు చేతులా పట్టుకుని నాకడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి కిచకిచమంది. తాగడం అయ్యాక మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది. కొంచెంసేపటికి జతగాడిని తీసుకొచ్చింది. సీసాలో సగం దిగిపోయింది.

నాలో నేనే నవ్వుకున్నాను. తర్వాత నవ్వు పోయింది. అక్క రోజూ పొద్దున్నే లేచి, తడుముకుంటూ పొయ్యి ముట్టించి, పంచదార కొలిచి కాచేది వీటి కోసం. అక్క రెండుసార్లు డాక్టరుని కాదన్నది వీటి కోసం. ఈ సంగతి చెబితే అక్క బెజవాడ రావడానికి అడ్డం ఏమీ ఉండదు. కానీ ఆ పిట్టలకి తను అక్కర్లేదని తెలిశాక అక్క పొద్దున్నే ఎందుకు లేస్తుంది? చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. మస్తాన్‌బీ గారు నింపుతానన్నారు, అది చాలు. ఆ ధైర్యంతో కళ్ళు మూసుకున్నాను, గట్టిగా నిద్రపట్టేసింది.

లేచేసరికి ఎండ గోడ దిగిపోయింది. అక్క మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. సీసా ఖాళీగా ఉంది. నేను పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాను. రేపు పొద్దున్న బస్సుకి బయల్దేరాలి, డాక్టరుగారు ఎల్లుండి చేస్తారు, సీసా మస్తాన్‌బీ గారు చూసుకుంటారు. అక్క అంతా విన్నది.

"మధ్యాన్నం చూశావుగా పెరట్లో. నిజం చెప్పు సరోజా. ఆ సీసాలో నీళ్ళు పిట్టలే తాగుతున్నాయా?"

చూడలేదు, నిద్రపోయానని అంటే సరిపోయేది. అబద్ధం చెప్పడానికి కూడా కొంచెం ఓపిక కావాలి. రాత్రంతా వార్డులో మంచం మంచానికీ తిరిగి ఏం కాదండి, తగ్గిపోతుందండి అని చెప్పి చెప్పి వచ్చాను. ఇంకొకటి చెప్పే శక్తి నా దగ్గర లేదు.

"లేదక్కా. పిట్టలు దాని జోలికే రావడం లేదు. ఉడుతలు తాగేస్తున్నాయి."

అక్క లేచి తాడు తడిమి పట్టుకుని సీసా దింపింది. గొట్టం ఊడదీసి, బూడిద పెట్టి పువ్వు తోమి, అన్నీ విడివిడిగా కడిగి మూకుడు మీద బోర్లించింది. నేను చేస్తానంటే వద్దంది. పొద్దుగూకక ముందే ఇంత అన్నం తిని, గోడ వైపు తిరిగి పడుకుంది. నా నోటిని నేను ఎంత తిట్టుకున్నానో లెక్కలేదు. మూడో తారీఖు కూడా పోయినట్టే అనుకున్నాను. డాక్టరుకి ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

పొద్దున్న నేను కళ్ళు తెరిచేసరికి అక్క తలస్నానం చేసి, పెట్టెలోంచి బావ నేసిన గోధుమరంగు చీర తీసి కట్టుకుని ఉంది. గుమ్మం దగ్గర సంచీ సర్ది పెట్టి ఉంది. ఇంకేమీ అడగకుండా గబగబా తయారయ్యాను. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని నా భయం.

కానీ అక్క తెమలలేదు. సీసా నింపి మళ్ళీ కట్టింది. తర్వాత మందారం దగ్గరకి వెళ్ళి, ఒక పువ్వు మీదికి వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా మొహం పెట్టి నిలబడింది. ఎంతసేపో నిలబడింది. లోపలికి వచ్చి మగ్గం గది తలుపు తీసి, దారం కొసలు ఇంకా వేలాడుతున్న ఆ కర్రల్ని ఒక్కొక్కటీ దగ్గర నుంచి చూసింది. మస్తాన్‌బీ గారు వీడ్కోలు చెప్పడానికి వస్తే ఆవిడని వాకిట్లో వెలుగు పడేచోట నిలబెట్టి, గడ్డం పట్టుకుని మొహం చూసింది. ఆవిడ సిగ్గుపడుతూ, ఏందక్కా పెళ్ళిచూపులా అంది. బందరు వెళ్ళే బస్సు సందు మొదట్లో ఆగుతుంది, అది తప్పితే మళ్ళీ ఎప్పుడో. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆఖరికి నా మొహం కూడా దగ్గరకి లాక్కుని చూసి, చెవి పక్కన వేలు పెట్టింది.

"ఇక్కడ తెల్లబడిందేవే నీకు."

"బస్సులో చూద్దువుగాని రా అక్కా" అని విసుక్కున్నాను.

ఆ బస్సు అందింది. తిరునాళ్ళ జనంతో రైలు కిక్కిరిసి ఉంటుందని, కళ్ళు కనిపించని మనిషితో తోసుకుని ఎక్కలేమని బందరు వెళ్ళి ఎక్స్‌ప్రెస్ బస్సు పట్టుకున్నాం. తిరుగు ప్రయాణానికి నేను చెప్పేదీ ఇదే. బస్సు బందరులోనే మొదలవుతుంది కాబట్టి సీటు ఖాయం. పామర్రులో పది నిమిషాలు ఆపుతారు, మరమరాల మసాలా బాగుంటుంది. అక్క దారంతా మౌనంగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని మొహం గాలికి పెట్టింది. ఉడుత సంగతి మనసులో పెట్టుకునే ఈ మౌనం అనుకుని నేనూ కదిలించలేదు.

ఉయ్యూరు ముందు బస్సు నడక తగ్గింది. ఫ్యాక్టరీకి చెరుకు తోలే ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. చెరుకు మడ్డి వాసన బస్సులోకి ఘాటుగా కొట్టింది. ముందు సీట్లో ఆడమనిషి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రోజూ ఇదే గోలండీ అని కండక్టరుతో పోట్లాటకి దిగింది. ఆయనేం చేస్తాడు పాపం. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో అక్క మాట్లాడింది.

"సీసాలో ఉడుతలకి పొయ్యమని మస్తాన్‌బీకి చెప్పి వచ్చా. పిట్టలకని చెప్పలా."

నేను తలెత్తాను.

"కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదుగా. ఉడుత అరుపేదో పిట్ట అరుపేదో నాకు తెలవదటే? ఎప్పట్నించో తెలుసు. పోనీ, వాటికీ దాహమేగా అని పోస్తన్నా."

"మరి నన్నెందుకు అడిగావక్కా?"

అక్క బావ కన్ను సంగతి ఎత్తింది. ఆ సంగతి నేను ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. శిబిరానికి వెళ్ళే ముందు అందరూ ఏం కాదన్నారట. డాక్టరూ అన్నాడు, తోటి నేతగాళ్ళూ అన్నారు, మా పెద్దవాళ్ళూ అన్నారు. తెల్లారుజామున నిద్రమొహాలతో వ్యాను ఎక్కించి పంపేశారు.

"ఎవరో ఒక్కళ్ళు, అవచ్చు అని ఉంటే" అంది అక్క, "ఆయన ఆ కంటితో ఒకసారి అన్నీ చూసుకుని వెళ్ళేవాడు. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. అదన్నా చూసుకునేవాడు."

పొద్దున్న మందారం దగ్గర అక్క ఎందుకు నిలబడిందో, మస్తాన్‌బీ గారి గడ్డం ఎందుకు పట్టుకుందో, నా చెవి పక్కన ఏం వెతికిందో అప్పుడు అర్థమైంది. బస్సు తప్పిపోతుందని విసుక్కున్నందుకు ఏడుపొచ్చింది.

"నువ్వూ అందర్లానే మాట్లాడతావేమోనని అడిగా. ఉడుతని దాస్తే రేపు కంటి సంగతీ దాస్తావు. అట్టయితే బస్సెక్కేదాన్ని కాదు." అక్క నా చెయ్యి వెతికి పట్టుకుంది. "ఇప్పుడు చెప్పు. నా కంటికి ఏమన్నా అవచ్చా?"

వార్డులో ఎవరికీ చెప్పని మాట అది. మెల్లగా చెప్పాను.

"అవచ్చక్కా. చాలామందికి ఏం కాదు. ఎక్కడో ఒకరికి అవుతుంది. నీకు కాదని నేను మాటివ్వలేను. కానీ ఇప్పుడు చేయించకపోతే మాత్రం ఉన్న చూపు పోవడం ఖాయం. నేను లోపల పక్కనే ఉంటాను. రాత్రిళ్ళు చుక్కల మందు నేనే వేస్తాను."

అక్క తల ఊపింది. నా మాట ఆవిడకి భయం తగ్గించిందని చెప్పను. చెయ్యి చల్లగానే ఉంది. కానీ పట్టు వదలలేదు.

ట్రాక్టర్లు కదిలాయి, బస్సు మళ్ళీ బయల్దేరింది. కంకిపాడు వచ్చేలోపు నా తల రెండుసార్లు ముందు సీటుకి కొట్టుకుంది. అక్క నా తల లాగి తన భుజం మీద పెట్టుకుంది. పడుకోమంది, బెజవాడ వస్తే తను లేపుతానంది.

"నీకెలా తెలుస్తుందే?" అన్నాను, కళ్ళు మూతలు పడుతుంటే.

"బెజవాడ రొద చెవిటోళ్ళకి కూడా వినబడుద్ది. పడుకో."

పెడన పెద్ద దూరం కాదు, వెళ్ళినవాళ్ళు పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. తేనెపిట్టలు కావాలంటే సీసా కన్నా ముందు ఎర్ర మందారం నాటండి, ఒక అరటి బోదె వేయండి, అవే వస్తాయి. సీసా కట్టినా తప్పు లేదు, ఎవరో ఒకరు తాగుతారు. నేను ఆ రోడ్డు మీద ఎన్నోసార్లు తిరిగాను, ఎప్పుడూ నా స్టాపు నేనే చూసుకుంటూ వెళ్ళాను. ఆ రోజు మాత్రం కళ్ళు సరిగ్గా కనిపించని మా అక్కకి ఆ పని వదిలేసి, బెజవాడ దాకా నిశ్చింతగా నిద్రపోయాను.